సకీనాబీ ఇంటి మ్యాట్నీ

గద్వాలలో ఆ వీధి ఆడవాళ్లకు ఏ సినిమాకు పోవాలో, దేనికి పోకూడదో చెప్పేది జోగులమ్మే. శుక్రవారం కొత్త బొమ్మ పడిందంటే ముందు ఆమె చూసి రావాలి. మ్యాట్నీ వదిలే వేళకు హన్మమ్మ, సుభద్రమ్మ, ఇంకొందరు గుమ్మాల్లో నిలబడి ఎదురుచూసేవారు. జోగులమ్మ వీధి మలుపు తిరుగుతూనే తల అడ్డంగా ఊపితే ఆ సినిమా సంగతి అంతే. చిన్నగా నవ్విందంటే మర్నాడు అన్నాలు తొందరగా వండుకుని అందరూ గుంపుగా బయలుదేరేవారు.

జోగులమ్మకు నలభై ఆరేళ్లు. భర్త తిరుపతయ్య మగ్గం మీద చీరలు నేస్తాడు, ఆమె రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే నోరు సినిమా కథ చెబుతూ ఉండేది. చుట్టుపక్కల ఆడవాళ్లు తమ కండెలు కూడా అక్కడికే తెచ్చుకుని కూర్చునేవారు. అందరికంటే దగ్గరగా కూర్చునేది హన్మమ్మ. ఇద్దరూ ఒకే ఏడాది ఆ వీధికి కోడళ్లుగా వచ్చారు. పెళ్లయిన కొత్తలో అత్తలకు బీచుపల్లి ఆంజనేయుని దర్శనమని చెప్పి, సగం దారిలో బస్సు దిగి వెనక్కి వచ్చి సినిమా చూసిన జంట అది.

అయితే రెండు వేల మూడు, నాలుగు వచ్చేసరికి జోగులమ్మకు సినిమాలతో పొసగకుండా పోయింది. హీరోలు పక్కింటి పిల్లగాళ్లలా కనిపిస్తున్నారు. పాట మొదలైతే మాట వినబడటం లేదు. ఆమె వయసు ఆడది తెర మీద కనబడితే కొడుకు కోసం ఏడవడానికో, కోడలిని తిట్టడానికో మాత్రమే. అయినా శుక్రవారం వచ్చిందంటే ఏదో ఒకటి చెప్పాలి. ఒకసారి, తమ కాలపు హీరో ఉన్నాడు కదా అని, తాను సగమే చూసి వచ్చిన సినిమాకు అందరినీ పంపింది. వాళ్లు ఇంటర్వెల్లుకే లేచి వచ్చేశారు.

"ఏముందని పంపినవక్క? నడుము నొప్పి తప్ప ఏం రాలే," అంది హన్మమ్మ. నవ్వుతూనే అంది. కానీ ఆ మాట జోగులమ్మకు చాలా రోజులు గుచ్చుకుంటూనే ఉంది.

ఆ తర్వాతే హన్మమ్మ మధ్యాహ్నాలు రావడం తగ్గించింది. ఒకరోజు అసలే రాలేదు. మర్నాడూ రాలేదు. సుభద్రమ్మ కూడా కండెల బుట్ట ఎత్తుకుని ఎటో పోతుంటే జోగులమ్మ గడప దిగి ఆపింది.

"యాడికి పోతున్నరే అందరు?"

"సకీనా ఇంటికక్క. నీకు తెల్వదా? అక్కడ సీడీలు పెడుతుంది. పాకిస్తాన్ వాళ్ల నాటకమట. మస్తుగుంది. నువ్వు గూడ రా."

సకీనాబీ నాలుగు ఇళ్ల అవతల ఉంటుంది. చీరలకు ఫాల్ కుట్టి, పీకో చేసి ఇస్తుంది. భర్త చోటే మియాకు సైకిల్ షాపు. మాట మెత్తన, మనిషి ఎప్పుడూ మిషను మీదికి వంగి ఉంటుంది. ఎవరైనా చీర ఇవ్వడానికి పోతే తల ఎత్తి నవ్వుతుంది, అంతే. ఇన్నేళ్లలో ఆమె ఎవరికీ ఏదీ చూడమని చెప్పినట్టు జోగులమ్మకు గుర్తు లేదు. ఆమె చెబితే వీళ్లు పోవడమేమిటి? తిరిగి వచ్చి రాట్నం ముందు కూర్చుంటే జోగులమ్మ చేతిలో నూలు పోగు తెగింది. ముడి వేయబోతే మళ్లీ తెగింది.

మూడో రోజు, ఫాల్ కుట్టించాలనే సాకుతో ఒక పాత చీర పట్టుకుని తానూ వెళ్లింది.

చిన్న గది నిండా ఆడవాళ్లు. హైదరాబాదులో ఉన్న చెల్లెలు తాను చూసేసిన డిస్కులు సకీనాబీకి పంపిందట. టీవీ పక్కన సకీనాబీ రిమోటు పట్టుకుని కూర్చుంది. తెర మీద వాళ్లు ఉర్దూలో నాలుగు మాటలు మాట్లాడగానే ఆపి, తెలుగులో చెబుతోంది. ఊరికే అర్థం చెప్పడం కాదు. అన్న మాట్లాడితే గొంతు గట్టి చేస్తుంది, వదిన మాట్లాడితే మూతి తిప్పుతుంది. మిషను ముందు అంత నెమ్మదిగా ఉండే మనిషి ఈమేనా అనిపించింది. హన్మమ్మ ఆమె మోకాలికి ఆనుకుని కూర్చుని ఉంది. తన రాట్నం పక్కన కూర్చున్నట్టే. జోగులమ్మ ఆ మోకాలినే చూసింది చాలాసేపు.

నాటకంలో రుఖియా అని ఒకామె. నలభై దాటింది. తమ్ముళ్లను పెంచి, చదివించి, పెళ్లిళ్లు చేసి తాను అలాగే ఉండిపోయింది. ఇప్పుడు భార్య పోయిన ఒక మాస్టరు ఆమెను పెళ్లాడతానంటున్నాడు. తమ్ముళ్లు పరువు పోతుందంటున్నారు. రుఖియా తెల్లవెంట్రుక ఒకటి అద్దంలో చూసుకుని, పీకేయకుండా అలాగే చెవి వెనక్కి దోపుకుంది. ఇలాంటిది ఒకటి ఎక్కడో ఉంటుందని, తాను ఇన్నాళ్లూ వెతుకుతున్నది ఇదేనని జోగులమ్మకు తెలిసిపోయింది. అది సకీనాబీకి దొరకడమే భరించలేకపోయింది.

"ఏముందే ఇండ్ల? పాటల్లేవు, పాడుల్లేవు. కూసున్న కాడ నుంచి లేవరు, ముచ్చట్లే ముచ్చట్లు," అంది పైకి.

"అక్క, జర ఆగు. ఇనబడ్తలేదు," అంది హన్మమ్మ వెనక్కి తిరగకుండానే.

సినిమా హాల్లో ఎవరైనా గుసగుసలాడితే ఊరుకోమని ఇంతకాలం కసిరింది జోగులమ్మే. ఇప్పుడు ఆ కసురు తన మీదికే వచ్చింది, అదీ హన్మమ్మ నోటి నుంచి.

ఆమె రోజూ వెళ్లడం మానలేదు. గడప దగ్గర కూర్చునేది, సకీనాబీ ఇచ్చిన చాయ్ తాగేది, బాగుందని మాత్రం అనేది కాదు. ఇంటికి వచ్చాక భర్త మీద విసుక్కునేది. "ఆ ఉర్దూ రానోళ్లకు ఉర్దూ కథలు. ఈమె ఏం చెబుతుందో, అక్కడ ఏమున్నదో ఎవరికి తెల్సు?" అనేది. తిరుపతయ్య మగ్గం ఆపకుండా, "మంచిగ లేకుంటే ఎందుకు పోతవు మరి?" అన్నాడొకసారి. ఆ రోజు ఆయనకు అన్నం వడ్డించి కూర వేయడం మరిచిపోయింది.

చివరి డిస్కు ఒక్కటే మిగిలిన నాడు, ఆట మధ్యలో నల్లా నీళ్లు వచ్చాయి. అందరూ బిందెల కోసం ఇళ్లకు పరిగెత్తారు. సకీనాబీ కూడా కుండలు తీసుకుని వాకిట్లోకి పోయింది. గదిలో జోగులమ్మ ఒక్కతే మిగిలింది. టీవీ మీద ఆ డిస్కు ఉంది. దొంగతనం చేస్తున్నానని ఆమె అనుకోలేదు. అందరికంటే ముందు చూసి చెప్పడం తన పని అని మాత్రం అనుకుంది. డిస్కు ఆమె కొంగు మడతలోకి పోయింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి అయిజలో సీడీ ప్లేయరున్న తమ్ముడు భాస్కర్ ఇంటికి పోయింది. ఇంటిల్లిపాదీ పత్తి చేనుకు పోయాక తలుపు దగ్గరగా వేసి డిస్కు పెట్టుకుంది.

బొమ్మ వచ్చింది. రుఖియా మాట్లాడుతోంది. తమ్ముడు మాట్లాడుతున్నాడు. బజారులో బేరానికి పనికివచ్చే ఉర్దూ జోగులమ్మకు వచ్చు. కానీ వీళ్లు మాట్లాడేది మెత్తగా, పొడుగ్గా, ఎక్కడ విరగాలో తెలియని భాష. చెయ్యి తనకు తెలియకుండానే రిమోటు మీదికి పోయి బొమ్మను ఆపింది. ఆపితే చెప్పేవాళ్లెవరు? మళ్లీ నడిపించింది. చివరికి రైల్వే స్టేషన్. మాస్టరు రుఖియాను రైలెక్కించి కింద నిలబడ్డాడు. ఆమె కిటికీలోంచి కన్నీళ్లు తుడుచుకుంటూ ఏదో చాలాసేపు చెప్పింది. రైలు కదిలింది. అతను అక్కడే ఉండిపోయాడు. అంతే, అయిపోయింది.

విడిచిపెట్టి పోయిందన్నమాట, అనుకుంది జోగులమ్మ. గుండె బరువెక్కింది. ఆ వెంటనే ఒక సంతోషం కూడా కలిగింది. ముగింపు తెలిసింది తనకొక్కదానికే. రాట్నం ముందు కూర్చుని హన్మమ్మకు ఎలా చెప్పాలో బస్సులో వరస కట్టుకుంటూ వచ్చింది.

కానీ వీధిలో అడుగు పెట్టేసరికి సకీనాబీ ఇల్లంతా తిరగేసి ఉంది. చోటే మియా మిషను జరిపి కింద చూస్తున్నాడు. "అందరు అంత ఆశ పెట్టుకున్నరు, నేనే యాడనో పెట్టి మర్సిన," అని సకీనాబీ కళ్లు తుడుచుకుంటోంది. హన్మమ్మ ఆమె వీపు నిమురుతోంది. అది చూశాక జోగులమ్మ డిస్కు బయటికి తీయకుండా ఇంటికి నడిచింది. పాపం అని మనసుకు రావాల్సిన చోట, నా వీపు ఎప్పుడైనా అట్ల నిమిరిందా అన్నదే వచ్చింది.

సకీనాబీ టెలిఫోన్ బూత్‌కు పోయి చెల్లెలికి ఫోను చేసి ముగింపు అడిగి తెలుసుకుంది. మర్నాడు మధ్యాహ్నం అందరినీ పిలిచింది. టీవీ నల్లగా ఉంది. దాని ముందు కూర్చుని సకీనాబీ నోటితోనే చెప్పడం మొదలుపెట్టింది. తమ్ముళ్లు తలుపు మూయడం, మాస్టరు రావడం, స్టేషన్. జోగులమ్మ గడప దగ్గర గోళ్లు గిల్లుకుంటూ వింటోంది. చూడకుండానే ఈమె చెబుతుంటే, చూసిన తనకంటే బాగా కనబడుతోంది.

"ఇగ రుఖియా రైలెక్కుతది. ఇద్దరికి నికా ఖాయమయితది..."

"అబద్ధం!" అంది జోగులమ్మ. "నికా లేదు, ఏం లేదు. ఆమె ఆయిన్ని ఇడ్సిపెట్టి పోతది. ఏడ్సుకుంట పోతది. నేను కండ్లార చూసిన."

హన్మమ్మ మెల్లగా వెనక్కి తిరిగింది.

"యాడ చూసినవక్క?"

జోగులమ్మ లేచి ఇంటికి పోయి డిస్కు తెచ్చి సకీనాబీ ముందు పెట్టింది. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే తానూ నాలుగు మాటలు అని ఉండేది.

సకీనాబీ డిస్కును కొంగుతో తుడిచి పెట్టింది. స్టేషన్ వచ్చింది. రుఖియా కిటికీలోంచి మాట్లాడింది. సకీనాబీ ఆపి, ఆమె గొంతుతోనే చెప్పింది.

"నా మొహం మీద తలుపేసిన ఇంట్ల నుంచి నేను పెండ్లికూతురు కాను. మా అక్క ఇంటికి పోతున్న. వచ్చే శుక్రవారం జుమ్మా నాడు పెండ్లి బారాత్ తీసుకొని రా. ఆలస్యం జేయకు, ఇప్పటికే శాన ఆలస్యమయింది."

సుభద్రమ్మ బావురుమంది. హన్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. జోగులమ్మకు కూడా కన్నీళ్లు ఆగలేదు. తాను ఒంటరిగా చూసినప్పుడు రాని ఏడుపు ఈమె చెబితే వచ్చిందే అని ఇంకా ఉడుక్కుంది.

ఆ తర్వాత జోగులమ్మ అటువైపు పోలేదు. హన్మమ్మ కనబడితే పలకరించేది గానీ నిలబడేది కాదు. రాట్నం చప్పుడు తప్ప ఇంట్లో మాట లేదు. శుక్రవారాలు వచ్చాయి, పోయాయి. ఏ బొమ్మ పడిందని ఎవరూ అడగలేదు.

ఒకరోజు సకీనాబీయే వచ్చింది. అప్పుడు సాకుగా ఇచ్చిన పాత చీరకు ఫాల్ కుట్టి తెచ్చి, రాట్నం పక్కన పెట్టి నిలబడింది.

"కొత్తయి వచ్చినయక్క. రావా?"

"నేనెందుకు? దొంగను గద."

సకీనాబీ కింద కూర్చుంది. కండెల వైపు చూస్తూ, "ఒకటి చెప్త, తప్పు పట్టకు," అంది. "నేను పెండ్లయి వచ్చిన కాడ నుంచి చూస్తున్న. మీరంత నా ఇంటి ముందల నుంచే నవ్వుకుంట సినిమాకు పోతుంటిరి. మిషను మీద కూసోని చూస్తుంటి. ఒక్కనాడన్న పిలుస్తవేమో అనుకుంటి. పిలువలే. నువ్వు చెప్పిన కథ తర్వాత హన్మక్క నాకొచ్చి చెప్పేది. నీ నోట ఇనాలని ఉంటుండె నాకు."

"వస్తవని నాకేం తెల్సు?"

"అడిగితే గద తెల్సేది."

జోగులమ్మ రాట్నం ఆపింది. సిగ్గు కలగాలి, కలిగింది కూడా. కానీ దాని వెనకే చల్లటిదేదో గుండెలోకి దిగింది. ఇన్నేళ్లు తనను చూసి ఒకరు కుళ్లుకున్నారు. అదీ ఈ సకీనాబీ. ఆ మాట ఇంకోసారి చెప్పించుకోవాలనిపించింది ఆమెకు.

"శాన అనిపిస్తుండెనా?" అని అడిగింది.

"శానక్క. హన్మక్క నీ భుజం మీద చెయ్యేసుకొని పోతుంటే నాకు కడుపుల మండేది."

ఆ శుక్రవారం జోగులమ్మ సకీనాబీ గడప దగ్గర నిలబడి, "మ్యాట్నీకి పోతున్న, వస్తవా?" అంది. సకీనాబీ మిషను మీద గుడ్డ కప్పి, బుర్ఖా వేసుకుని, చెప్పులు వేసుకుంది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. సినిమా బాగాలేదు. ఇంటర్వెల్లులో పోదామంటే సకీనాబీ కదల్లేదు. హాలు చీకటి, అంత పెద్ద తెర, ముందు సీటులో ఎవరో వేస్తున్న ఈలలు, అన్నీ ఆమెకు నచ్చాయి. చివరిదాకా చూసింది.

తిరిగి వస్తుంటే వీధి మలుపులో హన్మమ్మ బిందెతో నిలబడి ఉంది.

"ఎట్లుందే సినిమా?" అని అడిగింది. అడిగింది సకీనాబీని.

సకీనాబీ అప్పుడే చేతులు తిప్పుతూ మొదలుపెట్టింది. "శురూల ఒక ఊరుంటదక్క, ఆ ఊర్ల..."

జోగులమ్మ లోపల ఏదో మళ్లీ భగ్గుమంది.

"ఊరు తర్వాత. ముందల రైలు సీను చెప్పాలె. నీకు వరస తెల్వదు, ఆగు," అని ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడి, కథ అందుకుంది. సకీనాబీ ఊరుకోలేదు. "కాదక్క, ఆ పిల్ల మొహం ఎట్ల పెట్టిందంటే..." అని మధ్యలో దూరింది. హన్మమ్మ బిందె కింద పెట్టింది.