ఒడ్డున దిగని అక్క

ఫోన్ మోగేసరికి ఆమె చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. పిల్లల సాహిత్యం మీద జరిగే సదస్సులో మాట్లాడాల్సిన ఒకాయనకి జ్వరమట, ఆమె పంపిన వ్యాసం అందరికీ నచ్చిందట, రేపు వచ్చి చదవాలట. వ్యాసం నచ్చిందన్న మాట వినగానే మొగుడు పరుగెత్తుకొచ్చి, "నా బంగారమే!" అంటూ ఎత్తి గిర్రున తిప్పాడు. పెళ్ళయి నెలలు గడిచినా ఆ మాటకి ఆమె ఇంకా వెన్నలా కరిగిపోతుంది.

వ్యాసం, చిన్నప్పుడు ప్రాణంగా చదువుకున్న ఒక పిల్లల నవల మీద. ముగ్గురు తమ్ముళ్ళు, ఒక అక్క ఎగిరే పడవలో దీవులన్నీ తిరుగుతారు. పొయ్యి మండుతుంటేనే పడవ గాల్లో నిలుస్తుంది. అందుకని అక్క పొయ్యి దగ్గరే ఉంటుంది. తమ్ముళ్ళు రాక్షసుల్ని గెలుస్తారు, పక్షులతో మాట్లాడతారు. అక్క మాత్రం కథ ముగిసేదాకా ఒక్క దీవి మీదా కాలు పెట్టదు. చిన్నప్పుడు అది ఆమె కంటికి ఆనలేదు. ఈ వంటగదిలో నిలబడ్డాకే ఆనింది.

"రేపా?" అన్నాడు మొగుడు ఆమెని కిందికి దించుతూ. "రేపు మా మేనేజర్ భోజనానికొస్తున్నాడు కదే! ఇంకో రోజు పెట్టుకోమను."

"పిల్లల కథే కదమ్మా," అంది అత్తగారు. "నీ కడుపున ఓ కాయ కాశాక నీ పిల్లలకే చెబుదువుగానిలే."

మామగారు అప్పటికే కాగితాలు తిరగేస్తున్నాడు. "భలే రాసిందిరా! ఆ అక్కది ఎంత ఓర్పో చూడు. ఆడపిల్లంటే అలా ఉండాలి."

ఓర్పా! తను పళ్ళు కొరుకుతూ రాసిన వాక్యాలన్నీ దండ గుచ్చి తన మెడలోనే వేస్తున్నారే! 'నీ చేతి కాఫీ పడితేగానీ తెల్లారదు', 'నువ్వు లేకపోతే ఈ ఇల్లు నడవదు' అని వీళ్ళంటుంటే ఇన్నాళ్ళూ పొంగిపోయింది. ఒక్కరోజు నడపండి చూద్దాం అని ఒక్కసారైనా అనలేకపోయిందేం?

"అయినా ఆ పిల్ల దిగితే పడవ పడిపోదూ?" అత్తగారు నవ్వింది.

"ఓ కట్టె ఎగదొయ్యడానికి తమ్ముళ్ళకి చేతుల్లేవా అత్తయ్యా?"

మొగుడు పకపకా నవ్వాడు. "అబ్బో! అలిగితే నువ్వెంత ముద్దొస్తావో తెలుసా?"

ఒళ్ళంతా భగ్గుమంది. మామగారి చేతిలోంచి కాగితాలు తీసుకుంది.

"అలగలేదండీ, కోపమొచ్చింది. రేపు పొద్దున మొదటి బస్సుకే వెళ్తున్నాను. మీ మేనేజర్‌గారికి మీరే వండిపెడతారో, రావద్దని చెప్పేస్తారో, ఆలోచించుకోండి."