బోర్లా పడుకున్న డ్రైవరు

ఇరవై రెండేళ్లు బస్సు నడిపిన మనిషి డిపో మెట్ల మీద జారిపడి తోక ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఏడాది తిరిగినా నొప్పి వదల్లేదు. చివరికి సర్జన్ ఆ ఎముకనే తీసేశాడు.

ఇంటికి పంపేటప్పుడు నర్సు ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"కుట్లు మలద్వారానికి పక్కనే ఉన్నాయి. దొడ్డికి వెళ్లొచ్చిన ప్రతిసారీ శుభ్రంగా కడుక్కుని, మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. కట్టు తడిస్తే వెంటనే మార్చాలి. ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మాత్రలు మధ్యలో ఆపకూడదు."

డ్రైవరు అన్నిటికీ తల ఊపాడు. తల ఊపడంలో ఆయనకెప్పుడూ బద్ధకం లేదు.

ఇంట్లో భార్య కట్టు మార్చబోతే ఆయనగారికి సిగ్గు ముంచుకొచ్చింది. ముగ్గురు పిల్లలు పుట్టాక వచ్చిన సిగ్గు! "నేను చూసుకుంటాలేవే" అని స్నానాలగది తలుపేసుకుని, గడ్డం గీసుకునే అద్దాన్ని వెనక్కి తిప్పి తిప్పి చూశాడు. మెడ పట్టేసింది తప్ప గాయం కనబడలేదు. కనబడలేదు కాబట్టి మానిపోయినట్టే అని తీర్మానించి, తడిసిన కట్టు మీదే కొత్త ప్లాస్టరు అంటించాడు. నాలుగో రోజు మాత్రలకీ సెలవిచ్చాడు.

ఆరో రోజు కండక్టరు పరామర్శకొచ్చాడు. వైద్యం చదవలేదన్న లోటు అతనికి ఏనాడూ అడ్డు రాలేదు. జేబులోంచి మూతలేని లేపనం డబ్బా తీసి, "మా మావయ్య పుండు దీంతో మూడ్రోజుల్లో మానింది గురూ. ఏదీ, ఇటు తిరుగు" అంటూ, అప్పటిదాకా చెవిలో తిప్పుకుంటున్న వేలే అందులో ముంచాడు.

సరిగ్గా అప్పుడే భార్య గదిలోకొచ్చింది.

"అన్నయ్యా, ఆ వేలు అక్కడే ఆపండి."

వేలు ఆగింది. కండక్టరు మాత్రం ఆగకుండా వెళ్లిపోయాడు.

ఆమె చేతులు కడుక్కొచ్చి, మొగుడి సిగ్గుని అడక్కుండా కట్టు విప్పింది. కుట్ల చుట్టూ ఎర్రగా ఉంది, ముట్టుకుంటే వేడి. గుడ్డకి పసుప్పచ్చటి చెమ్మ, వాసన.

"జ్వరం కూడా ఉందా?"

"కొంచెం... నిన్నట్నించి."

"ఎందుకు దాచారు? బహుమతేమైనా ఇస్తామన్నారా?"

టాక్సీ వెనక సీట్లో బోర్లా పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఇంకొకడి డ్రైవింగుకి ఆయన వంకపెట్టకపోవడం అదే మొదలు. మూతి దిండులో ఉంది మరి.

సర్జన్ రెండు కుట్లు విప్పి, చీము కడిగి, మందులు మార్చాడు. "ఇంకో రెండ్రోజులు ఆగుంటే మళ్లీ ఆపరేషనే" అన్నాడు. ఈసారి డ్రైవరు తల ఊపలేదు, ఏడ్చాడు.

ఆ రోజునుంచి కట్టు భార్యే మార్చింది. గాయం పూడటానికి అయిదు వారాలు పట్టింది. చివరి కట్టు విప్పుతుంటే ఆయన మెల్లగా అడిగాడు.

"నీకు అసహ్యం వెయ్యలేదుటే?"

"లేదు. కోపం వచ్చింది. ఇంకా ఉంది. కదలకండి."