మూడో అసిస్ట్

గంగామణి ఆటను ఆపి, రెండు సెకన్లు వెనక్కి తిప్పి, మళ్లీ వదిలింది. తెర మీద తెల్లచొక్కా ఏడో నంబర్ కుర్రాడు ఎగిరి బంతిని బుట్టలో వేశాడు. ఆమె అతనికి ‘రెండు పాయింట్లు’ నొక్కింది. బంతి అందించిన పదకొండో నంబర్‌కు ‘అసిస్ట్’ నొక్కింది. ఆ బుట్ట పడటానికి అసలు కారణమైన నలభై మూడో నంబర్‌కు ఏమీ నొక్కలేదు. అతనికి నొక్కడానికి బటన్ లేదు.

కామారెడ్డి నిజాంసాగర్ చౌరస్తాకు దగ్గర్లో, ఎరువుల కొట్టు పైన రెండో అంతస్తులో ఆ గది. ఆరు కంప్యూటర్లు, ఒక కూలరు, మెట్ల మీంచి వచ్చే యూరియా వాసన. సముద్రాల అవతల ఏదో దేశంలో మనకు తెల్లవారుజామున ముగిసిన బాస్కెట్‌బాల్ ఆట తొమ్మిదిన్నరకల్లా ఇక్కడికి చేరుతుంది. శబ్దం ఉండదు, పేర్లుండవు, చొక్కాల మీద నంబర్లే. ఎవడు ఏం చేశాడో ముప్పై ఒక్క బటన్లలో ఏదో ఒకటి నొక్కి చెప్పాలి. గంగామణి చెయ్యి ఒక్కసారైనా బాస్కెట్‌బాల్‌ను తాకలేదు గానీ, మూడేళ్లలో ఒక్క తప్పు బటన్ నొక్కలేదు.

ఆమెకు నలభై ఒకటి. మిగతా ఐదుగురిలో ఎవరికీ పాతిక దాటలేదు. కళ్లజోడు జారిపోకుండా నల్లదారం కట్టుకుంటుంది. కొంగు నడుముకు బిగించి, ఇంటి నుంచి తెచ్చుకున్న బొంతముక్క కుర్చీలో పరుచుకుని కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవదు. ఎల్లారెడ్డిలో నాలుగింటికి లేచి ఎనిమిది మందికి వండి, ఏడింటి బస్సు పట్టుకుంటుంది. తాడ్వాయి దాకా సీటు దొరకదు. ఇంత చేసినా మరిది చుట్టాల ముందు, “మా వదినెకు ఆట చూస్తె జీతమిస్తరు,” అని నవ్విస్తుంటాడు. ఆమె కూడా నవ్వేస్తుంది. ముప్పై ఒక్క బటన్ల సంగతి ఆ ఇంట్లో ఎవరికి చెప్తుంది?

నలభై మూడో నంబర్ భారీ మనిషి, గడ్డం నెరిసింది. తన జట్టు కుర్రాడు బంతితో పరుగెత్తుతుంటే, వాణ్ణి తరిమేవాడి దారిలో వెళ్లి గోడలా నిలబడతాడు. తరిమేవాడు వచ్చి అతని ఛాతీకి గుద్దుకుంటాడు. ఈలోగా కుర్రాడు తప్పించుకుని బుట్ట వేస్తాడు. జనమంతా కుర్రాణ్ణి చూసి లేచి నిలబడతారు. ఇతను మాత్రం అరచేత్తో బూట్ల అడుగులు తుడుచుకుని అవతలి వైపుకు పరుగెడతాడు. అలా నిలబడటానికీ ఒక బటన్ పెట్టమని గంగామణి హైదరాబాద్ ఆఫీసుకు రెండుసార్లు రాసింది. అక్కణ్ణుంచి ఉలుకూ పలుకూ లేదు.

అతనిలో నిన్ను నువ్వు చూసుకుంటున్నావని ఎవరైనా అంటే ఆమె ఒప్పుకోదు. అయినా అదే నిజం. ఆమె పని నేర్పిన ఆరుగురు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నారు. ఆమెనూ ఆఫీసువాళ్లు రెండుసార్లు రమ్మన్నారు. “నువ్వు వోతె ఇల్లెట్ల నడుస్తది బిడ్డా?” అంది అత్త సత్యమ్మ. కోపంగా అంటే ఎదురు చెప్పేదేమో. ప్రేమగా అంది. దాంతో ఆగిపోయింది.

ఈ లీగ్‌లో ఏటా అందరిలోంచీ పన్నెండు మంది మేటి ఆటగాళ్లను ఏరి ఒక జట్టు కడతారు. ఐదుగురు అభిమానుల ఓట్లతో వస్తారు, ఏడుగురిని కోచ్‌లు ఎన్నుకుంటారు. కోచ్‌లకు ఒక పేజీ చూపిస్తారు. ఇన్ని పాయింట్లు, ఇన్ని అసిస్టులు అని గీత దాటినవాళ్లే ఆ పేజీలో కనబడతారు. నలభై మూడుకు అసిస్టులే తక్కువ. ఇవాళ్టిది ఆఖరి ఆట, సాయంత్రం ఐదింటికి ఓటింగు ముగుస్తుంది.

“ఇయ్యాల మూడు అసిస్టులొస్తె నీ మనిషి పేజీల వడ్తడక్కా,” అన్నాడు పొద్దున ఇన్‌చార్జి నరేందర్.

“వడనీ తమ్మీ. ఒక్కపారి అందరికీ కనవడనీ,” అంది గంగామణి. అతను గెలుస్తాడని ఆమెకేమీ ఆశ లేదు. ఆ పేజీలో ఒక్కరోజు అతని నంబర్ ఉంటే చాలు.

జొన్నరొట్టె, పుంటికూర తినే వేళకు రెండు అసిస్టులయ్యాయి. అప్పుడే సత్యమ్మ ఫోన్ చేసింది.

“గంగామణీ, వచ్చేటప్పుడు మామ మందులు మర్వకు. పొద్దుగూకి చుట్టాలొస్తరట, జెర జల్ది రా.”

“వస్త అత్తమ్మా.”

డబ్బా మూసి మళ్లీ తెర ముందు కూర్చుంది. ఆట చివర్లో ఏడో నంబర్ పరుగెత్తాడు. నలభై మూడు అడ్డంగా నిలబడ్డాడు. తరిమేవాడు ఎంత వేగంతో గుద్దుకున్నాడంటే ఇద్దరూ కిందపడ్డారు. పదకొండు బంతి అందించాడు, ఏడు బుట్టలో వేశాడు. జనం లేచారు. నలభై మూడు నల్లపట్టీ వేసిన మోకాలు పట్టుకుని లేచి, మెల్లగా నడిచి చివరి కుర్చీలో కూర్చున్నాడు. మళ్లీ ఆటలోకి రాలేదు. అసిస్టులు రెండు దగ్గరే ఆగిపోయాయి.

గంగామణి ఆ చోటును తొమ్మిదిసార్లు చూసింది. ప్రతి ఆటకూ ఇద్దరు వేరువేరుగా బటన్లు నొక్కుతారు. ఆ రెండో మనిషి ఏ ఊళ్లో ఉంటాడో, ఆడో మగో ఎవరికీ తెలియదు. ఇద్దరు నొక్కినదాంట్లో తేడా వస్తే తెర మీద ఎర్రగా పడుతుంది, నరేందర్ తిరిగి చూస్తాడు. కావాలని తప్పు నొక్కారని తేలితే ఆ రోజుతో పని పోతుంది. ఇదంతా కొత్తగా చేరినవాళ్లకు నేర్పేది ఆమే.

పదకొండుకు నొక్కిన అసిస్టును తీసేసి నలభై మూడుకు ఇచ్చింది. పంపేసింది.

ఇరవై నిమిషాలు ఇంకో పని ముట్టుకోలేదు. నరేందర్ కుర్చీ చప్పుడైన ప్రతిసారీ అటు తిరిగి చూసింది. ఈ పని పోతే పొద్దున ఏడింటి బస్సు కూడా పోతుంది. ఇక ఆ ఇంట్లోంచి బయటపడే దారి ఉండదు.

“తేడాలు సున్నా అక్కా,” అన్నాడతను తల తిప్పకుండానే. “నీదెప్పుడూ గంతేనాయె.”

ఆమెకు ముందు అర్థం కాలేదు. తర్వాత తట్టింది. ఆ రెండో మనిషి కూడా ఏదో గదిలో కూర్చుని, అదే చోట పదకొండుది తీసి నలభై మూడుకు ఇచ్చాడు. పని పోతుందని తెలిసే ఇచ్చాడు. గంగామణికి ఏడుపొచ్చింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. మూడేళ్లలో ఈ గదిలో ఆమెకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

నాలుగుంబావుకు కోచ్‌ల పేజీలో చివరి వరుసగా నలభై మూడు కనబడింది. నరేందర్ వెనక నిలబడి తృప్తిగా చూసింది. ఐదింటికి ఇంకా పది నిమిషాలుండగా ఆ వరుస లేదు.

నరేందర్ ఫోన్‌లో వెతికాడు. “ఆట ఇడిసిపెట్టిండట అక్కా. మోకాలు ఖరాబైందట. ఆట అయిపోంగనే చెప్పిండట, పేజీలకెల్లి ఇప్పుడు తీసిండ్రు.”

అంటే తెల్లవారుజామున ఆమె ఎనిమిది మందికి వండుతున్నప్పుడే అతను వెళ్లిపోయాడు. వెళ్లిపోయినవాడికి ఇక్కడ ఒకరు, ఇంకెక్కడో ఒకరు అసిస్టు ఇచ్చారు.

“పోనీ తమ్మీ,” అంది గంగామణి. “ఆయనన్నా బయటవడ్డడు.”

“రేపటికి ఇంకో టీమ్ ఇయ్యనా నీకు?”

“ఇయ్యి.”

ఐదున్నర బస్సుకు టైమవుతోంది. మందులు కొనాలి. ఫైలు మూసే ముందు ఆఖరి దృశ్యం దాకా చూడటం నియమం కాబట్టి చూసింది. ఆటగాళ్లు వెళ్లిపోయారు, జనం ఖాళీ అవుతున్నారు, ఒకామె చీపురుతో కుర్చీల వరుస ఊడుస్తూ వస్తోంది. చివరి కుర్చీ మీద నల్లటి మోకాలి పట్టీ ఒకటి, ఇంకా మోకాలు లోపలే ఉన్నట్టు వంగి, అలాగే ఉంది.