మా ఉప్పుకాలువకు మాల్దీవుల రంగు

మా పాలెం పక్కన పారే ఉప్పుకాలువ ఏ రంగని అడిగితే, మా ఊళ్ళో చంటిపిల్ల కూడా నలుపనే చెబుతుంది. ఎగువన రొయ్యల ఫ్యాక్టరీ వెలిసి, దాని మురుగు గొట్టం తెచ్చి కాలువలో పెట్టిన దగ్గర్నుంచీ అంతే. కానీ సర్కారు వారి ఫైల్లో మాత్రం ఆ నీళ్ళు నీలం. ఆ నీలం మేమే పూయించుకున్నాం, కెమెరా మనిషిని పిలిపించుకుని మరీ.

మా మస్తానమ్మత్తది పీతల బతుకు. మోకాలి లోతు నీళ్ళలో దిగి, బురదలో చెయ్యి పెట్టిందంటే పీత గంపలోకి చేరాల్సిందే. ఇప్పుడు పీతలు పోయి కాళ్ళకు దురదలు మిగిలాయి. ఆ గొట్టం మూయిస్తేనే ఆమె పొయ్యి వెలుగుతుంది. కాలేజీ చదివిన పాపానికి అర్జీలు రాసే పని నాది కాబట్టి, సోమవారం సోమవారం ఆమెను వెంటబెట్టుకుని అర్జీలు తీసుకునే సర్కారు ఆఫీసుకు పోయేదాన్ని.

అక్కడి పెద్ద సారు చాలా మంచివాడు. ఎవరినీ కసరడు, ఏ పనీ చేయడు. సెల్లులో తీసిన వీడియో చూపిస్తే ముఖం చిట్లించాడు.

"ఏది నీళ్ళో ఏది నేలో తెలియడం లేదమ్మా. మంచి కెమెరాతో తీయించుకుని రండి."

"ఒక్కసారి మీరే వచ్చి చూడండి సార్."

"చూడడానికేగా తల్లీ వీడియో అడిగేది."

మా పక్కనున్న బోగోలులో మంచి కెమెరా అంటే జడ్సన్ అన్నదే. పెళ్ళికి ముందు జంటల్ని సముద్రపు ఒడ్డున పరిగెత్తించి వీడియోలు తీయడంలో ఆయనకు పేరుంది. పాస్టరు గారి అబ్బాయి, మనసు వెన్న. సంగతి వినగానే "ఇది దేవుని పని చెల్లెమ్మా" అని కెమెరా భుజానేసుకుని వచ్చాడు. గొట్టం తీశాడు, నురగ తీశాడు, వెల్లకిలా తేలిన చేపల్ని తీశాడు. అత్తను గట్టున నిలబెట్టి, చేతికి చచ్చిన చేపనిచ్చి మరీ తీశాడు. ఎలా వచ్చిందో చూపించమంటే, సోమవారం నేరుగా ఆఫీసుకే తెస్తానన్నాడు. నమ్మాం.

సోమవారం మీటింగు హాల్లో గోడ మీది పెద్ద తెర వెలిగింది. కాలువ నీలంగా ఉంది. అలాంటి ఇలాంటి నీలం కాదు, ఇంకుబుడ్డి ఒలకబోసినట్టు నీలం. నురగ తెల్లగా ఉంది. చచ్చిన చేపలు తళతళలాడుతున్నాయి. గట్టు మీద ఎవరో గులాబీ బుగ్గల ఆడమనిషి నిలబడి ఉంది.

"ఎవురే ఉషా ఆమె?" అత్త నా చెవిలో అడిగింది.

"నువ్వే అత్తా."

"అబ్బ! నేనింత బాగుండానా?" అని కొంగు సర్దుకుంది. ఆ కాసేపు ఆమె కూడా గొట్టం సంగతి మరిచిపోయింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

సారు కుర్చీలోంచి లేచాడు. "ఇంత అందమైన చోటు ఇక్కడ పెట్టుకుని సెలవులకు గోవా పోతున్నామేందయ్యా!" అన్నాడు. పక్కనున్న వాళ్ళంతా అవునవునన్నారు.

బయటికి రాగానే జడ్సన్ అన్నను నిలదీశాను. తల పట్టుకున్నాడు.

"లట్ తియ్యడం మర్చిపోయినా చెల్లెమ్మా."

లట్ అంటే రంగుల పట్టికట. కెమెరాకు ఏ రంగు కనిపిస్తే దాని బదులు ఏ రంగు వేయాలో అందులో ముందే రాసి ఉంటుంది. దాన్ని కార్డులో వేసి కెమెరాలోకి ఎక్కిస్తారు. తెర మీద చూసుకోవడానికే పెట్టుకుంటే అసలు వీడియోకు ఏమీ కాదు. కానీ తర్వాత కూర్చుని రంగులు వేసిచ్చేదాకా పెళ్ళివాళ్ళకు ఆగే ఓపికెక్కడిది? అందుకని అన్న దాన్ని వీడియోలోనే కలిసిపోయేలా పెట్టుకున్నాడు. కూరలో కరిగిన ఉప్పు లాగా ఇక విడదీయలేం. ఆ పట్టిక పేరు మాల్దీవులు.

"తీసేటప్పుడు నీ కండ్లు యాడ పెట్టినావన్నా?"

"కెమెరా తెర మీదే పెట్టినా. బాగొచ్చిందిలే అనుకున్నా."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు అన్న. ఈసారి ఏ పట్టికా వద్దు, దేవుడు చూసినట్టే చూపిద్దామని, లట్ పీకేసి మళ్ళీ తీశాడు. పట్టిక లేకపోతే ఆ కెమెరా తీసేది చప్పిడి కూడే. కాలువ, ఆకాశం, అత్త ముఖం అన్నీ బూడిదలో పొర్లించినట్టు వచ్చాయి.

"ఇది కావాలని పాడుచేసి తెచ్చారు" అన్నాడు సారు. "ఆకాశంలోకి కూడా మురుగు వదిలారా ఏం?"

"సరైన లట్ వేస్తే ఉన్నది ఉన్నట్టు వస్తాది సార్" అని అన్న బతిమాలాడు.

"అంటే మీరు రంగులు మారుస్తారన్నమాట!"

నేను సంచిలోంచి కాలువ నీళ్ళ సీసా తీసి బల్ల మీద పెట్టాను. అది ఏ కాలువదో ఎవరికి తెలుసన్నాడు. మొదటి వీడియో అప్పటికే ఫైలెక్కింది, ఇక దాన్ని కదిలించడం కుదరదట. నాకు ఆ సీసా ఆయన నెత్తిన కుమ్మరించాలన్నంత కోపం వచ్చింది. దండం పెట్టి వచ్చేశాను.

కొన్నాళ్ళకు జీపొకటి వచ్చి కాలువ గట్టున బోర్డు పాతి పోయింది. అత్త పరుగున వచ్చి నా చెయ్యి పట్టి లాక్కెళ్ళింది.

"ఏం రాసినారే? చదువు, చదువు."

"ఈ నీటిని పాడుచేయువారు శిక్షార్హులు" అని పై వరస చదివాను.

ఆమె ముఖం విప్పారింది. "గెలిచినామే ఉషా! ఫ్యాక్టరీవోళ్ళ తిక్క కుదిరింది. ఇంక పీతలొస్తాయి చూడు" అంటూ గంప కోసం ఇంటికి పరిగెత్తింది.

అప్పుడు కింది వరసలు చదివాను. ఇది పర్యాటక ప్రాంతమట. పీతలు పట్టడం, వలలు కడగడం, కాలువలో దిగడం నిషేధమట. బోర్డు ముఖం గొట్టం వైపు లేదు, మా ఇళ్ళ వైపుంది. గొట్టం తన పాటికి తాను నల్లగా పోస్తూనే ఉంది.

నేను పిలిచేలోపే అత్త గంపతో కాలువలోకి దిగేసింది. కొత్తగా పెట్టిన కాపలా మనిషి ఈల వేశాడు. మోకాళ్ళ దాకా నల్లబడ్డ కాళ్ళతో ఆమె వెనక్కి తిరిగి, ఎవరినో అనుకుని అటూ ఇటూ చూసింది.

"నిన్నేమ్మా, పైకి రా" అన్నాడు వాడు. "నీళ్ళు పాడైపోతాయి."