తాహెరా ఊదిన జ్వరాలు

పుంగనూరులో మంత్రం వచ్చినవాళ్ళ సభ ఒకటి ఉండేది. నవ్వకండి. అంగళ్ళ వెనక వీధిలో ఒక పెంకుటింట్లో ప్రతి పున్నమికీ పొద్దున పది గంటలకు కూడేది. తేలు విషం దించేవాళ్ళు, వడగళ్ళ వానను పక్క ఊరికి మళ్ళించేవాళ్ళు, నేలకు చెవి ఆనించి నీళ్ళెక్కడున్నాయో చెప్పే బైరెడ్డిపల్లె వాళ్ళు, అందరూ వచ్చేవాళ్ళు. సూది ముట్టకుండా చొక్కా కుట్టే దర్జీ కూడా ఒకడుండేవాడు, కాకపోతే గుండీలు ఎప్పుడూ వంకరే. మంత్రం ఉందా లేదా అని ఆ చుట్టుపక్కల ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఉంది. ఎట్లా పనిచేస్తుందన్నదే గొడవ.

ఆ గొడవను నెత్తికెత్తుకున్నవాడు ఖాజా మొహిద్దీన్. మదనపల్లెలో పిల్లకాయలకు సైన్సు చెప్పే అయ్యవారు. సైన్సుకూ మంత్రానికీ పెళ్ళి చేస్తానని బయల్దేరిన పిచ్చి మారాజు. ఆ పెళ్ళి సందట్లో తన ఇల్లాలినే పోగొట్టుకుంటాడని ఎవరైనా చెప్పి ఉంటే ఆ పుస్తకాలన్నీ ఆ పూటే పొయ్యిలో పెట్టేవాడు. చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు. చూడాల్సినవాడు చూడలేదు.

ఆ ఇల్లాలు తాహెరాకు జ్వరం మంత్రం వచ్చు. కుప్పంలో ఉండే అమ్మమ్మ, ఆమె నానీ అని పిలిచే మైమూన్ బీ ఇచ్చింది. మంత్రం ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోతే ఇచ్చినవాళ్ళ దగ్గర మిగలదు, అది అన్ని మంత్రాలకూ ఉన్న కట్టుబాటే. కాబట్టి ఆ మంత్రం లోకంలో తాహెరా ఒక్కదాని దగ్గరే ఉంది. ఆమె రోగి తలాపున కూర్చుని నాలుగు ముక్కలు గొణిగి మూడుసార్లు ఊదితే, అన్నం ఉడికి వార్చేలోపల నూటనాలుగు జ్వరం తొంభై ఎనిమిదికి దిగేది.

సరే, దిగుతుంది. ఆ వేడి ఎక్కడికి పోతుంది? ఖాజా ప్రశ్న అదొక్కటే.

"వేడి అనేది మాయం కాదప్పా," అన్నాడు సభలో లేచి. "ఒక చోట తగ్గితే ఇంకో చోట పెరగాల. అది యాడ పెరుగుతాండాదో పట్టుకుంటే, మంత్రాన్ని బడిలో పాఠంగా చెప్పొచ్చు. డాక్టర్లు మనల్ని చూసి నవ్వరు, మనం వాళ్ళని తిట్టం."

సభ పెద్ద వరదరాజులుది పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. "ఒక సంవత్సరం టైమిస్తా సారూ. లెక్క తెగితే సరి. తెగకపోతే నీ తర్మామీటరు మళ్ళా ఈ గడప తొక్కకూడదు," అని తేల్చేశాడు.

అది పంతొమ్మిది వందల నలభై మూడు. జపాను వాళ్ళు జావా పట్టుకున్నప్పటి నుంచి అక్కడి చెట్ల బెరడుతో చేసే కొయినా మాత్ర, చలిజ్వరానికున్న ఒకే మందు, కంటికి కనబడడం మానేసింది. ఆ ఏడు చలిజ్వరాలు ఊళ్ళకు ఊళ్ళను మంచాన పడేశాయి. రోగులకేం కొదవ? ఆసుపత్రి ల్యాబులో పనిచేసే సత్యవేదం ఖాజాకు తోడయ్యాడు. ఆదివారం చర్చికి, పున్నమికి సభకు తప్పకుండా పోయే మనిషి. రెండు తర్మామీటర్లు అరువు తెచ్చాడు, రోగులను ఎడ్లబండ్ల మీద తెచ్చాడు.

ఇద్దరూ కొలవనిది లేదు. మంచం కింద నీళ్ళ బాన పెట్టి నీళ్ళను కొలిచారు. గోడను కొలిచారు, నేలను కొలిచారు, కిటికీ దగ్గర గాలిని కొలిచారు. ఒకసారి రోగి తోడు వచ్చిన మేకను కూడా కొలిచారు, పాపం అది సత్యవేదాన్ని కుమ్మింది. వేడి ఎక్కడా లేదు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు వెతికారు. ఒక్క తాహెరాను మాత్రం కొలవలేదు.

ఎందుకంటారా? సభ కట్టుబాటు. ఊదిన మనిషిని చల్లారేదాకా తాకరాదు. స్నానం చేసి, నిద్రపోయి, మరుసటి పొద్దు లేచేదాకా ఎవరూ వేలు కూడా పెట్టకూడదు, పెడితే మంత్రం చెడుతుందని తాతల నాటి మాట. మంత్రం తెలియని మొగుడైతే పెళ్ళాం నీరసంగా ఉందని నుదుటి మీద చెయ్యి వేసేవాడు. ఒట్టి సైన్సు మనిషైతే మొట్టమొదట ఆమె నోట్లోనే తర్మామీటరు పెట్టేవాడు. రెండూ తెలిసిన మహానుభావుడు కాబట్టి ఖాజా ఆ రెండూ చేయలేదు. పరిశోధన శుద్ధంగా ఉండాలని కట్టుబాటును అందరికంటే గట్టిగా పట్టుకున్నాడు.

ఊదిన ప్రతి సాయంత్రమూ తాహెరా చాప మీద వాలి, "అజీ, కొంచెం సేపు నా చెయ్యి పట్టుకోరాదా?" అనేది.

"చల్లారనీ తాహెరా. రేపు పట్టుకుంటా," అనేవాడు ఖాజా, కాగితాల్లోంచి తల ఎత్తకుండా.

రేపు ఇంకో రోగి వచ్చేవాడు, లేదంటే ఇంకో కొలత.

ముప్ఫై మంది అయ్యేసరికి ఆమె గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. "యాల ఇట్ల చిక్కిపోతాండావు?" అని అడిగాడు. "ఎండలు గదా అజీ," అంది. మార్గశిరంలో ఎండలేమిటని ఆ సైన్సు అయ్యవారికి తోచలేదు! నలభై ఒకటో రోగి అయ్యాక ఆమె పొయ్యి ముందు కూర్చుని లేవలేక గోడ పట్టుకుంది. అప్పుడు మాత్రం భయపడ్డాడు. రెండు రోజులు ఆపుదామన్నాడు. తాహెరా ఒప్పుకోలేదు. "పున్నమి వస్తాండాది. వరదరాజులన్న ముందర నువ్వు తల దించుకుంటే నేను సూడలేను," అంది. ఆ మాట ఆయనకు తియ్యగా వినబడింది.

గడువు ఇంకో వారం ఉందనగా ఖాజాకు మైమూన్ బీ గుర్తొచ్చింది. మంత్రం మొదలు ఆమె దగ్గరుంది కదా, అడిగి వస్తానని కుప్పం బయల్దేరాడు. "నానీ ముసల్ది, ఏందో ఒకటి అంటాది, మనసులో పెట్టుకోవద్దు," అంది తాహెరా గడప దగ్గర. పోతూ పోతూ ఖాజా సత్యవేదంతో చెప్పాడు: "రోగి వస్తే ఆపొద్దప్పా. నలభై రెండోది కావాల." ఆ మాట కోసం తర్వాత ఎన్నిసార్లు తన నోటిని తానే కొట్టుకున్నాడో లెక్క లేదు.

పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే బస్సులో పొగ మింగుతూ పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి మధ్యాహ్నమైంది. మైమూన్ బీ వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ ఉంది. ఖాజా తన కాగితాలు పరిచి, నలభై ఒక్క జ్వరాల కథ ఉత్సాహంగా చెప్పాడు. ముసలామె చేతిలో చింతపండు కింద పడింది.

"నలభై ఒగటా?"

"అవును నానీ. ఆ వేడి యాడికి పోతాదో నీకేమన్నా..."

"యాడికి పోతాదిరా! దాంట్లోకే పోతాది. రోగి ఒంట్లోది ఊదేదాని ఒంట్లోకి పోతాది. కొంచెం చల్లారతాది, కొంచెం లోపలే ఉండిపోతాది. మా అమ్మ ముప్ఫై ఏండ్లకే పాయె. నేను మూడే మార్లు ఊదినా, అదీ కన్నబిడ్డలకు. దానికిచ్చేటప్పుడు చెప్పే ఇచ్చినా, మూడుకు మించొద్దని."

"తాహెరాకు తెలుసా?" అడిగాడు ఖాజా.

"తెలీకేమి! నీకు తెలీదా? ఒక్కసారన్నా దాని చెయ్యి పట్టుకుని సూడలేదా నువ్వు?"

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. ఖాజా కాగితాలు అక్కడే వదిలేసి పరిగెత్తాడు. ఆ పొద్దు బస్సు లేదు. మరునాడు దొరికిన బస్సు పుంగనూరు దగ్గర పొగ కక్కి ఆగిపోయింది. దిగి, ఒక పాల బండి ఎక్కి, మదనపల్లె చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది.

ఇంటి అరుగు మీద సత్యవేదం మోకాళ్ళలో తల పెట్టుకుని ఉన్నాడు. పక్కన ఆయన ఆరేళ్ళ కూతురు రాహేలు బెల్లం ముక్క చప్పరిస్తూ ఉంది. "నిన్న సాయంత్రం బిడ్డకు నూటయిదు దాటింది సారూ," అని ఏడ్చాడు సత్యవేదం. "నాకేం తెలుసు? అక్క కాళ్ళు పట్టుకున్నా. ఆమె ఊదింది. ఊదినాక లేవలే. తాకకూడదంటారని తాకలే నేను."

ఖాజా లోపలికి పోయి తాహెరా చెయ్యి పట్టుకున్నాడు. పెనం అంచు పట్టుకున్నట్టు కాలింది. వదల్లేదు. తర్మామీటరు పెడితే పాదరసం చివరిదాకా పాకి, ఇంక పోవడానికి చోటు లేక నిలిచిపోయింది. ఏడాదిగా వెతుకుతున్న వేడి అంతా అక్కడుంది.

"తాహెరా, యాల చెప్పలేదే నాకు?"

"చెప్తే మాన్పిస్తావు గదా. మందు లేదు, బిడ్డలు సస్తాండారు." ఊపిరి తీసుకుంది. "నువ్వు కాగితాల మీద రాసుకునేటప్పుడు నీ మొహం ఎంత బాగుంటాదో నీకు తెలీదు అజీ."

అప్పుడు తోచింది ఖాజాకు. ఏడాదిలో మొదటిసారి తోచాల్సిన ముక్క తోచింది. "ఆ మంత్రం నాకియ్యి! నేను నీ మీద సగం ఊపిరితోనే ఊదుతా. మూడుసార్లూ సగమే. సగం వేడి నాలోకి వస్తాది, సగం నీలో ఉంటాది. సగానికి ఎవురూ చావరు. ఇద్దరం బతుకుతాం. లెక్క చెప్తాండా, విను!"

తాహెరా ఎండిపోయిన పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది.

"నీ లెక్క ఎప్పుడు తెగింది అజీ?"

"ఇప్పుడు తెగింది. అల్లా మీద ఒట్టు, తెగింది!"

"తప్పితే నువ్వు పోతావు," అని ఆమె పెదవులు బిగించింది. కాళ్ళు పట్టుకున్నాడు, తిట్టాడు, చెంపలు వాయించుకున్నాడు. సత్యవేదం కూడా గుమ్మంలో నిలబడి "చెప్పక్కా, చెప్పక్కా" అని వేడుకున్నాడు. ఆమె మంత్రం ఇవ్వలేదు.

ఖాజా పరిగెత్తి పలక తెచ్చాడు. మంచం పక్కన నేల మీద కూర్చుని గబగబా రాశాడు. నలభై రెండు జ్వరాలు ఒకదాని కింద ఒకటి వేసి, చల్లారింది తీసేసి, మిగిలింది రెండుకు పంచాడు. తొందరలో అంకెలు వంకర పోయాయి గానీ లెక్క మాత్రం చక్కగా తెగింది. ఇద్దరికీ చెరి నూటమూడు. నూటమూడు జ్వరంతో బతకని మనుషులున్నారా ఈ తాలూకాలో! పలక ఎత్తి ఆమె కళ్ళ ముందు పట్టాడు.

"సూడు తాహెరా. ఒక్కసారి సూడు. తప్పు లేదు."

కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. సత్యవేదం వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఖాజా ఆ చేతిని విదిలించుకుని, అంకెలు వంకరగా ఉన్నాయి అందుకే ఆమెకు అర్థం కాలేదన్నట్టు, పలక తుడిచి మళ్ళీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాడు.