టేపు పెట్టని కొలత

దర్జీకి మాట పడిపోయింది. నోట్లో నాలుక లేని మనిషైతే ఎవరికీ పెద్దగా తెలిసేది కాదు. ఈయన మాటలు కోటలు దాటేవి. మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టిందన్నారు ఆస్పత్రిలో. ఉన్న మాటలన్నీ ఊడ్చుకుపోయి రెండే మిగిలాయి: "రేపు రండి."

నర్సు మాత్ర ఇస్తే "రేపు రండి." కూతురు చెయ్యి పట్టుకుని ఏడిస్తే "రేపు రండి." బతుకంతా కొట్టుకు వచ్చినవాళ్లకు చెప్పిన అబద్ధమే చివరికి నోటికి అంటుకుంది. ప్యాంటు ఎప్పుడిస్తారని ఒకాయన ఏకంగా ఆస్పత్రికే వచ్చాడు, ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టు. ఆయనకు మాత్రం సరైన జవాబే దొరికింది.

భార్య నవ్వలేదు, ఏడవలేదు. వేళకు మందులు వేసింది, తినిపించింది, దుప్పటి మడత పెట్టింది. తిమ్మిరెక్కిన కాలులా ఉంది ఆమె మనసు, గిల్లినా తెలియడం లేదు. ఒక్క సంగతి మాత్రం తేలాలి: ఆయన తనను గుర్తుపడుతున్నాడా, లేదా? ఆయన చూపు కిటికీ మీద ఎలా ఆగేదో ఆమె ముఖం మీదా అలాగే ఆగేది.

"మాట పోతే మనిషి పోయినట్టు కాదమ్మా," అంది మాటలు నేర్పే డాక్టరమ్మ. "కొందరికి జ్ఞాపకం కూడా దెబ్బతింటుంది. ఈయన సంగతి ఇప్పుడే చెప్పలేం. అలవాటైన చోటికి తీసుకెళ్లి చూడండి."

అందుకే ఆ ఉదయం తల్లీకూతుళ్లు ఆయన్ను నడిపించుకెళ్లి కొట్టు తెరిచారు. కత్తిరింపు బల్ల మీద దుమ్ము పేరుకుంది. మిషను సూది కింద సగం కుట్టిన కాలరు అలాగే ఉంది.

ఈ కొట్టులోనే, పెళ్లైన కొత్తలో, ఆమె కొలతలకని చేతులు చాచి నిలబడితే ఆయన టేపు పక్కన పడేశాడు. "టేపు పరాయివాళ్లకే. నీ కొలత నా కళ్లల్లో ఉంది," అన్నాడు. కోతలరాయుడే గానీ, ఆ ఒక్క మాట నిలబెట్టుకున్నాడు. ఆమె చిక్కినా, బిడ్డను కని ఒళ్లు చేసినా, ఒకసారి తేరిపార చూసి కత్తెర ఆడించేవాడు. మళ్లీ విప్పి కుట్టాల్సిన పని ఏనాడూ పడలేదు.

ఆయన బల్ల అంచు తడిమాడు. మేకుకు వేలాడుతున్న టేపు తీసి మెళ్లో వేసుకున్నాడు.

తిన్నగా భార్య దగ్గరికొచ్చాడు. చేతులు పైకెత్తమని గడ్డంతో సైగ చేశాడు. కుడిచెయ్యి సరిగా లేవకపోయినా, ఎడమచేత్తో టేపు పరిచి భుజం కొలిచాడు, నడుము కొలిచాడు. ఎంతో మర్యాదగా, ఒంటికి వేలు తగలకుండా కొలిచాడు.

"అమ్మా, నాన్నకి అన్నీ గుర్తొచ్చేస్తున్నాయే," అంది కూతురు కళ్లు తుడుచుకుంటూ.

"అవునమ్మా," అంది తల్లి. పిల్లకు ఆ పాత మాట తెలియదు. తెలియకపోతేనే నయమనుకుంది. ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని కాసేపు ఆగి చూసుకుంది. రాలేదు.

దర్జీ టేపు చుట్టి, కొత్తగా వచ్చినవాళ్లను చూసి నవ్వే నవ్వు నవ్వాడు.

"రేపు రండి."

"సరేనండీ," అంది ఆమె, ఎత్తిన చేతులు దించుకుంటూ. "ఎన్నింటికి రమ్మంటారు?"