ఫోనులో పలికిన మామిడి దుంగ

1986 మే నెలలో హైదరాబాదులో మామిడి మీద సదస్సు పెట్టారు. నూజివీడు జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పే లీదియా పేపరు అందులో చదవడానికి ఖాయమైంది. కాండం తొలిచే పురుగు చెట్టులో ఉందో లేదో తట్టి తెలుసుకోవడం ఎలాగన్నది విషయం. మూడేళ్లు రెడ్డిగూడెం తోటల్లో తిరిగి రాసింది. తట్టడం నేర్పింది తోటపనికి వెళ్లే మగ్దలేనమ్మ. అందుకని పేపరు మీద ఇద్దరి పేర్లూ పెట్టింది.

చిక్కల్లా ఒక్కటే. లీదియాకి ఎనిమిదో నెల. బస్సెక్కడానికి వీల్లేదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. మగ్దలేనమ్మకి చదవడం రాదు. రాసినవాళ్లు వచ్చి చదవకపోతే పేపరు రద్దు, సదస్సు పుస్తకంలో అచ్చు వేయరు.

లీదియా సదస్సు వాళ్లకు ఉత్తరం రాసింది: "నేను రాలేను. నా గొంతు రాగలదు. ఫోను రిసీవర్‌ని మైకు దగ్గర పెడితే చాలు."

వారానికి టెలిగ్రాం వచ్చింది. చేయాల్సిన ఫోను నంబరు, తారీఖు, ఉదయం పదకొండు గంటలు. ఆరు నిమిషాలు.

దగ్గర్లో ఫోను సువర్ణరాజు మామిడికాయల కొట్టులోనే ఉంది. సీజన్లో ఆయన్ని ఫోను అడగడమంటే పీటల మీద పెళ్లికొడుకుని కాసేపు పంపమన్నట్టే. అయినా సరేనన్నాడు.

"బొంబాయి బేరగాళ్లు ఆగుతార్లెండి మేడమ్ గారూ. పోయినేడు మా తోటలో తొమ్మిది చెట్లు తినేసిందా దరిద్రపు పురుగు."

ఆ రోజు మగ్దలేనమ్మ రెండు మామిడి దుంగల్ని, ఒక గొడ్డలిని రిక్షాలో వేసుకొచ్చింది.

"ఇవెందుకు పెద్దమ్మా?" అంది లీదియా.

"నువ్వు రాసింది చదివి వినిపిస్తే నాకే అర్థం కాలా. ఇంక వాళ్లకేం అవుద్దే?"

ట్రంకు కాల్ పదకొండుంబావుకి కలిసింది. లీదియా పేపరులో ముఖ్యమైన ముక్కలు మూడు నిమిషాల్లో చదివేసింది. అటునుంచి ఒక ప్రొఫెసరు అడిగాడు.

"అంతా బాగానే ఉందమ్మా. చప్పుడులో తేడా ఉందంటున్నారు. దాన్ని కాగితం మీద చూసి ఎలా నమ్మమంటారు? మీరిక్కడుంటే చేసి చూపించేవారు."

లీదియా భయపడింది ఈ ప్రశ్నకే. ఆమె నోరు తెరిచేలోపే మగ్దలేనమ్మ రిసీవర్ లాక్కుంది.

"నమస్కారమండీ అయ్యగారూ. రెండు దుంగలు కొడతాను. పురుగు ఎందులో ఉందో మీరే చెప్పండి."

లీదియా రిసీవర్‌ని దుంగల దగ్గర పట్టుకుంది. మగ్దలేనమ్మ కత్తి పిడితో కొట్టింది. మొదటి దుంగ డొల్లగా మోగింది. రెండోది ముద్దగా పలికింది.

"మొదటిది!" అని హాల్లోంచి నలుగురైదుగురు అరిచారు.

"అంతా తప్పే," అంది మగ్దలేనమ్మ. "మొదటిది తినేసి వెళ్లిపోయిందండీ, ఇల్లు ఖాళీ. రెండోదాంట్లో ఇంకా ఉంది. తింటూ పొట్టు వెనక్కి కూరుద్ది. ఇంటి నిండా సామానుంటే మోగుద్దా?"

"ఉందని రుజువేంటమ్మా?"

మగ్దలేనమ్మ గొడ్డలి తీసి రెండో దుంగని చీల్చింది. బొటనవేలంత పురుగు సువర్ణరాజు పాదం మీద పడింది. ఆయన కేక పెట్టి గంపల మీదకి ఎక్కాడు. గంపలు ఒరిగాయి. చిన్నరసాలు కొట్టంతా దొర్లాయి. హమాలీలు ఈలలు వేశారు.

"హలో! ఏమైందక్కడ?"

"రుజువు సువర్ణరాజు గారి కాలి మీద పడిందండీ," అంది లీదియా.

హాలు నవ్వింది. ఆ నవ్వు రిసీవర్‌లోంచి బయటికొచ్చి కొట్టులో వాళ్లకీ వినబడింది. తర్వాత సదస్సు అధ్యక్షుడి గొంతు వచ్చింది. అందరికీ వినబడేలా లీదియా రిసీవర్‌ని చెవికి దూరంగా పట్టుకుంది.

"నమ్మాం. పేపరు అచ్చుకి వెళ్తుంది, ఇద్దరి పేర్లతో. ఇంకో మాట. చింతలపూడి రైతు ఇన్నయ్య గారు కాలు విరిగి రాలేకపోయారు. ఆయన పేపరు పొద్దున్నే రద్దు చేశాం. ఆయనకి దగ్గర్లో ఫోనుందేమో మీకు తెలుసా?"

"మా బావమరిది కొట్టు చింతలపూడిలోనే!" గంపల మీంచి సువర్ణరాజు అరిచాడు. "ఇన్నయ్యని మంచంతో సహా మోయిస్తాను. నంబరు రాసుకోమనండి!"

లైన్లో టెలిఫోన్ ఆపరేటరు గొంతు వినబడింది.

"నూజివీడు, ఆరు నిమిషాలు అయిపోయాయండీ."

చింతలపూడి నంబరింకా చెప్పలేదు.

"పొడిగించండమ్మా!" కొట్టంతా ఒక్కసారే అరిచింది.

"పొడిగిస్తున్నాలెండి," అంది ఆపరేటరు. "ముందు ఆ పురుగేమైందో చెప్పండి."